చెయ్యి చాపినంత దూరం

ఆ మంగళవారం పరీక్షమ్మకు కుడి చెవిలో పోటు రాకపోయి ఉంటే, ఆ ఆఫీసులో అందరూ మరికొంతకాలం గొప్పవాళ్లుగానే చలామణి అయిపోయేవారు. ఆ గొప్పవాళ్లలో ఆమె కూడా ఒకతె.

పరీక్షమ్మ అన్నది ఆఫీసులో పడిన పేరు. ఆమె ఉద్యోగం పరీక్షించడం కాబట్టి అది అలా అతుక్కుపోయింది. నలభై రెండేళ్ల మనిషి. నాలుగేళ్ల వయసులో చూపు పోయింది, అప్పటినుంచీ నోరు రెండింతలు పనిచేస్తోందని అత్తగారు అంటుంది. ఆఫీసంటే మూడో అంతస్తులో ఒకటే పొడవాటి హాలు, అందులో పదకొండుమంది. వాళ్లు తయారుచేస్తున్న దాని పేరు పొత్తు. ఎవరి ఊళ్లో వాళ్లు, ఎవరి కంప్యూటరు ముందు వాళ్లు కూర్చుని, ఒకే కాగితం మీద ఒకేసారి పదిమంది రాసుకునే ఏర్పాటు అది. అలాంటివి లోకంలో కొల్లలుగా ఉన్నాయి. కానీ వాటిలో చూపులేని మనిషి అడుగుపెడితే సంతలో తప్పిపోయినట్టే. పొత్తులో అలా జరగకూడదు, చూపున్నవాళ్లూ లేనివాళ్లూ పక్కపక్కన సమానంగా రాయాలన్నది వీళ్ల పంతం.

పరీక్షమ్మ కంప్యూటరులో ఒక గొంతు ఉంటుంది. తెర మీద ఏముందో, ఏది మారిందో అది చదివి ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఆమె దానికి వాగుడుకాయ అని పేరు పెట్టుకుంది. ప్రతి మంగళవారం మిగతా పదిమందీ ఒక కాగితం మీద రాస్తుంటే ఆమె కూడా అందులోకి వెళ్లి రాస్తుంది. తను తడబడకుండా రాయగలిగితే పొత్తు నెగ్గినట్టు. ఐదు నెలలుగా పొత్తు వరసగా నెగ్గుతూనే ఉంది. వాగుడుకాయ ఎంతో అణకువగా, ఆమె రాసినంత మేరకే చదివి ఊరుకునేది. పరీక్షమ్మ ఏనుగెక్కినంత సంబరంతో ఇంటికి వెళ్లేది. మా పనికి తిరుగులేదని ఇంట్లో ఎంతలా చెప్పిందంటే, తోడికోడలు ఒకసారి "అక్కా, ఇవాళ కూడా నెగ్గిందా, లేక ఇవాళ ఇంకా బాగా నెగ్గిందా?" అని అడిగింది.

ఎనిమిది రోజుల్లో పొత్తు ఒక బడికి వెళ్లాలి. చూపులేని పిల్లల బడి అది. అక్కడి ఉపాధ్యాయులు పన్నెండుమంది, వాళ్లలో ఏడుగురికి చూపు లేదు. కొత్త పాఠాలన్నీ వాళ్లే కలిసి రాయాలి. పొత్తు పనికొస్తుందని పరీక్షమ్మ సంతకం పెడితేనే తీసుకుంటామని బడివాళ్లు షరతు పెట్టారు. ఆ షరతు వెనక ఉన్నది లెక్కల మాస్టారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. పోయిన వారం ఆమెకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ముప్పై ఏళ్లుగా నేను చెబుతుంటే ఎవరో ఒకరు రాస్తున్నారు. నేను చెప్పింది రాశారో, వాళ్లకు తోచింది రాశారో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు నా చేత్తో నేనే రాసుకోవచ్చంటున్నారు. ఇది గనక మధ్యలో చెడిందనుకో, మా పెద్దలు రెండోసారి మా మాట వినరు. 'చూశాం కదా, మీవల్ల కాదు' అంటారు. నేను రిటైరయ్యేదాకా మళ్లీ ఆ చెప్పడమే, ఆ రాయించుకోవడమే. నువ్వు సంతకం పెట్టు, నేను కళ్లు మూసుకుని ఒప్పేసుకుంటా" అని, తన హాస్యానికి తనే పగలబడి నవ్వాడు.

పరీక్షమ్మ కూడా నవ్వి, "దాందేముంది మాస్టారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అంది. అంత ధీమాగా ఉండేది అప్పట్లో.

మంగళవారం నాటికి చెవిపోటు మొదలైంది. కుడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోలేక ఎడమ చెవితో సరిపెట్టుకుంది. ఐదు నెలల్లో మొదటిసారి ఆమెకు ఒక చెవి హాలులో ఖాళీగా ఉంది. పది కీబోర్డుల చప్పుడు రేకుల కప్పు మీద వానలా వినిపిస్తోంది. ఆమె పొత్తులోకి వెళ్లింది. వాన ఆగిపోయింది.

అందరూ ఒకేసారి ఆలోచనలో పడ్డారు కాబోలు అనుకుంది. నాలుగు వాక్యాలు రాసి బయటికి వచ్చింది. వాన మళ్లీ మొదలైంది. ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది. ఆగిపోయింది. బయటికి వస్తే మొదలు. మూడోసారి లోపలికి వెళ్లి, ఒక్క అక్షరం కూడా రాయకుండా చేతులు కట్టుకుని కూర్చుంది. హాలంతా కూడా చేతులు కట్టుకుని కూర్చున్నట్టే ఉంది. ఎక్కడో ఎవరో చిన్నగా దగ్గారు.

"ఎందుకు ఆపారు?" అంది పరీక్షమ్మ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "మేమేం ఆపామండీ?" అన్నాడు గీతలాయన. తెర మీద ఏది ఎక్కడ ఉండాలో గీసి ఇచ్చేది ఆయన పని.

"మీరొద్దులెండి. మౌనస్వామీ, నువ్వు చెప్పు. నువ్వు అబద్ధమాడాలన్నా నోరు తెరవాలి కదా."

మౌనస్వామి ప్రోగ్రాములు రాస్తాడు. రోజుకు పది మాటలు మించి మాట్లాడడు. "గోడ మీద రాసుందండీ" అన్నాడు.

"ఏ గోడ మీద?"

"మీ వెనక గోడ మీదే."

"ఏం రాసుందో చదువు."

"'పరీక్షమ్మగారు కాగితంలోకి వస్తే అందరూ టైపు చేయడం ఆపండి. ఆమెకు ఇబ్బంది కలిగించకండి.'"

"ఎంత పెద్ద అక్షరాలు?"

"గుమ్మంలోంచి కనబడేంత."

"ఎన్నాళ్లయింది పెట్టి?"

"ఐదు నెలలవుతోందండీ."

"ఇంకేమైనా ఉందా?"

"మూలన ఒక పువ్వు బొమ్మ ఉందండీ. గీతలాయన గీశారు."

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు నోరు కూడా ఉందనీ, అది తన వీపు వెనక ఐదు నెలలుగా తన గురించే మాట్లాడుతోందనీ పరీక్షమ్మకు ఆ రోజు తెలిసింది. చూపులేనివాళ్లకు ఏదీ దాపరికం కాకూడదని కంకణం కట్టుకున్న ఆఫీసు, చూపులేని మనిషి గురించి గోడ మీద నోటీసు అంటించింది. పోనీ వాళ్లు దుర్మార్గులా అంటే అదీ లేదు. మొదటి వారంలో అందరూ ఒకేసారి రాస్తుంటే వాగుడుకాయ రెచ్చిపోయిందట, పరీక్షమ్మ ఒకసారి చెవులు మూసుకుందట. అయ్యో పాపం అనుకున్నారట. అలా అనుకున్న రోజునే పొత్తు పని చెడింది. చెడగొట్టే ఉద్దేశంతో చేసిన పనైతే ఎవరో ఒకరు పట్టుకుందురు. ఇది మంచితనంతో చేసింది, పైగా పువ్వు బొమ్మ కూడా పెట్టారు, ఇంక ఎవరికి అనుమానం వస్తుంది?

ఆమెకు కోపం కంటే ముందు సిగ్గు వేసింది. ఇలాంటిది ఇది రెండోసారి మరి. పాత ఆఫీసులో ఆరేళ్లు ఉత్తరాలు టైపు చేసింది. అక్కడినుంచి వచ్చేసే రోజు వీడ్కోలు సభ పెట్టారు. పక్క సీటావిడ లేచి, "ఆరేళ్లూ తను వెళ్లాక తన ఉత్తరాలన్నీ నేను మళ్లీ టైపు చేసేదాన్ని, అయినా ఒక్కరోజు కూడా విసుక్కోలేదు, తనంటే నాకంత ఇష్టం" అని కళ్లొత్తుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పరీక్షమ్మ చెవుల్లో ఎన్నాళ్లో పోలేదు. తప్పులుంటే చెబితే దిద్దుకునేది కదా! ఆరేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఇది తప్పు అని ఆమెకు చెప్పలేదు.

మేనేజరుగారు పరుగున వచ్చింది. సంతకం పెట్టాల్సిన కాగితం ఆవిడ చేతిలోనే ఉంది, రెపరెపలు వినిపిస్తున్నాయి.

"పొరపాటే, కాదనను. నోటీసు ఇప్పుడే పీకించేస్తా. కానీ ఎనిమిది రోజులే ఉన్నాయి. బడివాళ్లకు మాటిచ్చాం. పోతే మన మాట పోతుంది."

"పెడితే నా మాట పోతుంది. అక్కడ పన్నెండుమంది ఒకేసారి రాస్తారు. వాళ్ల గోడకు కూడా నోటీసు పంపిద్దామా మనం, పొత్తుతో పాటు? పువ్వు బొమ్మతో సహా?"

మేనేజరుగారు కాగితం బల్ల మీద పెట్టేసింది.

"నేను చెవులు మూసుకున్నానని మీరు చేతులు ఆపారు. పొత్తును బాగుచెయ్యాల్సింది పోయి నన్ను బుజ్జగించారు. ఐదు నెలలుగా మీరంతా పరీక్ష రాసి నాకు మార్కులు వేశారు. రేపు అందరూ రాయండి. ఇష్టమొచ్చినట్టు రాయండి. ఎవరైనా చెయ్యి ఆపితే ఊరుకోను."

బుధవారం అందరూ రాశారు. ఐదు నెలల కసి తీర్చుకున్నట్టు రాశారు. వాగుడుకాయకు పూనకం వచ్చింది. మూడో పేరాలో మేనేజరు 'క' చేర్చారు, ఏడో పేరాలో గీతలాయన ఖాళీ తీసేశారు, మూడో పేరాలో మేనేజరు 'క' తీసేశారు, రెండో పేరాలో మౌనస్వామి చుక్క పెట్టారు. పరీక్షమ్మ తను కొట్టిన అక్షరం తనకే వినబడక, ఒక్క వాక్యం రాయడానికి పావుగంట పెనుగులాడింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఈసారి మాత్రం చెవులు మూసుకోలేదు. మూసుకుంటే వీళ్లు మళ్లీ ఏం అంటిస్తారో అని భయం.

గురువారం గీతలాయన ఉపాయం చెప్పాడు. ఒక మీట నొక్కితే వాగుడుకాయ మిగతావాళ్ల సంగతులన్నీ మింగేసి ఊరుకుంటుంది. హాయిగా ఉంది. పరీక్షమ్మ హాయిగా ఒక పెద్ద పేరా రాసింది. రాశాక తెలిసింది, అదే సంగతిని మేనేజరుగారు అంతకుముందే రాసేసిందని, తను రాస్తున్న భాగం మొత్తం అక్కర్లేదని గీతలాయన ఎప్పుడో కొట్టేశాడని. పక్కన మనుషులు తిరుగుతున్నా తనకు తెలియనప్పుడు, ఒంటరిగా ఇంట్లో కూర్చుని రాసుకోవడానికీ దీనికీ తేడా ఏముంది? వాగితే చెవుడు, ఊరుకుంటే గుడ్డితనం అని ఆమె అనేసరికి హాలులో ఎవరూ నవ్వే ధైర్యం చెయ్యలేదు.

ఇంక ఆరు రోజులు. ఆ సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వెళ్లి, బ్యాగు పడేసి, మొహం కడుక్కుని నేరుగా వంటింట్లోకి నడిచింది. వాళ్ల వంటిల్లు ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు మొహమాటపడాల్సినంత ఉంటుంది. అందులో ముగ్గురు ఆడవాళ్లు రోజూ ఒకే సమయంలో పనిచేస్తారు.

"నీళ్లు మరుగుతున్నాయి, కూరగాయలు సగం తరిగాం, ఉప్పు ఇంకా వెయ్యలేదు" అంది అత్తగారు, ఆమె గుమ్మం దాటుతుండగానే.

"మిగతా సగం నేను తరుగుతా, ఇలా ఇవ్వండత్తయ్యా."

పరీక్షమ్మ కత్తి అందుకుని తన మూలన నిలబడింది. అవతలి చివర తోడికోడలు గిన్నెలు కడుగుతోంది, ఆ చప్పుడు తెలుస్తూనే ఉంది. ఆమె ఏ గిన్నె కడిగిందో, ఎన్ని కడిగిందో ఎవరూ చెప్పలేదు, ఎవరికీ అక్కర్లేదు. కాసేపటికి అత్తగారు పొయ్యి దగ్గరినుంచి కదిలింది. "అమ్మాయ్, వెనకాల వేడి గిన్నె" అంది, సరిగ్గా వీపు వెనకకు వచ్చే ముందు. పరీక్షమ్మ మోచేతులు దగ్గరికి తీసుకుంది. గిన్నె దాటిపోయింది. తరిగే చెయ్యి ఆగలేదు.

ఆగలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది. కత్తి అక్కడ పెట్టేసింది.

"అత్తయ్యా, ఇందాక నేను రాగానే నీళ్లు మరుగుతున్నాయని ఎందుకు చెప్పారు?"

"చెప్పకపోతే నువ్వు మళ్లీ నీళ్లు పెడతావు కదుటే!"

"మరి ఇది గిన్నెలు కడుగుతోందని చెప్పలేదేం?"

"వినబడుతోందిగా, చెప్పేదేముంది? ప్రతిదీ చెబుతూ కూర్చుంటే వంట ఎప్పుడవుతుంది? నీ చేతి దగ్గరికి వస్తే చెబుతాను. నా మూలన నేను ఏం చేసుకుంటే నీకెందుకు?" అని అత్తగారు అనుమానంగా, "ఒంట్లో బాగానే ఉందా? చెవిపోటు తలకెక్కిందా?" అని నుదురు పట్టుకుని చూసింది.

పరీక్షమ్మ ఆ చేతిని పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అనలేదు. పందొమ్మిదేళ్లుగా ఆమె రోజూ రెండుపూటలా ఈ ఇంట్లో గెలుస్తూనే ఉంది, ఆ సంగతి ఆమెకే తెలియలేదు. ఈ వంటింట్లో ఆమె కోసం ఎవరూ ఎప్పుడూ పని ఆపలేదు. కాపురానికి వచ్చిన మొదటి వారమే అత్తగారు చేతికి కత్తి ఇచ్చి, "చూపు లేదంటే ఉల్లిపాయలు నీకు నయమేనేమో చూద్దాం" అంది. నయమేమీ కాలేదు, కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి, అందరూ నవ్వారు. ఆ అత్తగారి కోడల్ని అయినందుకు పరీక్షమ్మకు అప్పుడు గుండె నిండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మౌనస్వామి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉన్నదంతా చెప్పింది. మనిషి కాగితంలోకి రాగానే తను లేనప్పుడు ఏం జరిగిందో వాగుడుకాయ ఒక్క ఊపిరిలో చెప్పాలి. దూరంగా ఎవరైనా రాస్తుంటే మాటలొద్దు, చిన్న తట్టు లాంటి చప్పుడు చాలు. పైన రాస్తుంటే ఎడమ చెవిలో, కింద రాస్తుంటే కుడి చెవిలో. దగ్గరికి వస్తే పేరు చెప్పాలి. తను రాసిన వాక్యం మీదే ఎవరైనా చెయ్యి వేస్తే, వేసే ముందే చెప్పాలి.

మౌనస్వామి అంతా విని, "దగ్గరంటే ఎంత?" అన్నాడు.

"దగ్గరంటే దగ్గరే."

"మెషీనుకు అలా చెబితే తెలీదండీ. అంకె కావాలి."

పరీక్షమ్మ కూర్చున్నచోటనే చెయ్యి చాపింది. వేళ్లు మౌనస్వామి కళ్లజోడుకు తగిలాయి. "ఇంత. చెయ్యి చాపితే ఎంత అందుతుందో అంత. కాగితం మీద అయితే నేనున్న పేరా, దాని పైది, దాని కిందిది."

"మూడు పేరాలు" అన్నాడు మౌనస్వామి. ఆ తర్వాత రెండు రోజులు అతను ఒక్క మాట కూడా మాట్లాడలేదు, కానీ అతని కీబోర్డు మాత్రం ఆగలేదు. గీతలాయన తట్టు చప్పుళ్లు పోగేసే పనిలో పడ్డాడు. బల్లలు, తలుపులు, డబ్బాలు, తన తల, ఏది దొరికితే అది తట్టి రికార్డు చేశాడు. చివరికి చెక్క గరిటెతో మూత మీద కొట్టిన చప్పుడు అందరికీ నచ్చింది. ఆ గరిటె పరీక్షమ్మ ఇంటినుంచి తెచ్చిందే. నా గరిటె కంప్యూటరులో ఉద్యోగం చేస్తోందని అత్తగారు వీధంతా చెప్పుకుంది.

సోమవారం మళ్లీ పరీక్ష పెట్టారు. ఒకచోట వాగుడుకాయ పేర్లు తారుమారు చేసింది, మరోచోట తట్టు చప్పుడు ఆలస్యంగా వచ్చింది. దిద్దారు. లెక్కల మాస్టారు కూడా ఇకనుంచి తన ఇంటినుంచే పరీక్షలో చేరతానని కబురు పెట్టాడు. "వండినవాళ్లే రుచి చూస్తే ఎలా? తినేవాణ్ణి, నేనూ చూడాలి" అన్నాడు. సాయంత్రం పరీక్షమ్మ చెవి డాక్టరు దగ్గరికని పెందలాడే వెళ్లిపోయింది. ఫోన్‌లో మాస్టారు, ఇక్కడ మౌనస్వామి, గీతలాయన ఇంకా ఏదో వాదించుకుంటూనే ఉన్నారు.

మంగళవారం ఆఖరి పరీక్ష. మరునాడే బడికి పంపాలి. సంతకం కాగితం మేనేజరుగారి బల్ల మీద ఉంది. ఉపాధ్యాయులకు ఇవ్వాల్సిన సూచనల కాగితాన్ని పొత్తులోనే అందరూ కలిసి రాయాలన్నారు. హాలులో పదకొండుమంది, ఫోన్ స్పీకరులో లెక్కల మాస్టారు. పరీక్షమ్మ కావాలనే కుడి చెవి ఖాళీగా ఉంచుకుని పొత్తులోకి వెళ్లింది.

వాన ఆగలేదు. పది కీబోర్డులూ అలాగే మోగుతున్నాయి. వాగుడుకాయ ఒక్క ఊపిరిలో, పైన పరిచయం రాస్తున్నారు, నాలుగో భాగం ఖాళీగా ఉంది, ఐదో భాగం ఇద్దరు రాస్తున్నారు అని చెప్పి ఊరుకుంది. ఎడమవైపు ఎక్కడో టక్ టక్ మంటోంది, కుడివైపు అడపాదడపా ఒకటి. మనుషులున్నారు, ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. పరీక్షమ్మ నాలుగో భాగానికి వెళ్లి రాయడం మొదలుపెట్టింది.

చూపులేని ఉపాధ్యాయులకు పొత్తు ఎంతో సాయంగా ఉంటుంది, అని ఒక వాక్యం రాసింది. మీ పై పేరాలో గానీ కింది పేరాలో గానీ ఎవరు రాసినా వారి పేరు వినబడుతుంది, అని రెండోది రాసింది. మూడోది మొదలుపెడుతుండగా వాగుడుకాయ నెమ్మదిగా, "గీతలాయన మీ రెండో వాక్యం కొట్టేయబోతున్నారు" అంది.

కొట్టేశాడు.

పరీక్షమ్మ దాన్ని మళ్లీ పెట్టింది. గీతలాయన మళ్లీ కొట్టేశాడు. ఆమె మళ్లీ పెట్టింది.

"ఎందుకండీ కొట్టేస్తున్నారు?" అని హాలు ఈ చివరినుంచి ఆ చివరికి వినబడేలా అరిచింది.

"తప్పు కాబట్టి!" అని ఆయన కూడా అరిచాడు. ఐదు నెలల్లో ఆయన గొంతు అంత పెద్దదని ఆమెకు తెలియదు.

"ఏం తప్పు? పై పేరా, కింది పేరా అని చెప్పింది నేనే కదా!"

"చెప్పారు, పొరపాటు చెప్పారు! నిన్న మీరు వెళ్లాక మాస్టారు ఒప్పుకోలేదు. ఆయనకు తనున్న పేరా ఒక్కటి చాలట. చెయ్యి అందరికీ ఒకే పొడవు ఉండదు కదండీ. ఇప్పుడు ఎవరి దూరం వాళ్లే పెట్టుకోవచ్చు. చూసుకోకుండా రాసేస్తే ఎలా?"

కీబోర్డులు మోగుతూనే ఉన్నాయి. పరీక్షమ్మ మీటలు నొక్కి చూసుకుంది. ఆయన చెప్పింది నిజమే. ఆమె రాసింది తప్పే.

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయింది. పదిమంది ఎదుట తప్పులో దొరికిపోయిన మనిషి అంత గర్వంగా నవ్వడం మేనేజరుగారు ఎన్నడూ చూసి ఉండదు. ఆరేళ్లు ఒకచోట, ఐదు నెలలు ఇంకొకచోట జరగని ముచ్చట ఇవాళ జరిగింది. ఆయన ఆమెను అయ్యో పాపం అనుకోలేదు, ఆమె ఇంటికి వెళ్లేదాకా ఆగలేదు, అడ్డంగా కొట్టేసి మొహం మీదే చెప్పాడు. కొట్టేస్తున్నాడని ఆమెకు ముందే తెలిసింది, ఎదురు తిరగడానికి చేతిలో కీబోర్డు ఉంది. ఈ పనిని తను, వీళ్లంతా కలిసి చేశారనుకుంటే ఛాతీ ఉప్పొంగిపోయింది.

"కొట్టెయ్యండి. బాగా చేశారు" అంది.

"కొట్టేశా ఎప్పుడో" అన్నాడు గీతలాయన, ఇంకా ఆయాసపడుతూనే.

మేనేజరుగారు సంతకం కాగితం తీసుకుని లేచింది. అప్పుడే వాగుడుకాయ మళ్లీ, "లెక్కల మాస్టారు మీ మొదటి వాక్యం కొట్టేయబోతున్నారు" అంది.

"మాస్టారూ!" అంది పరీక్షమ్మ ఫోన్ వైపు తిరిగి. "దాంట్లో తప్పేముంది? అది నిజమే కదా?"

"సాయం ఎవరడిగారమ్మా? మేం అడిగింది పని" అన్నాడు మాస్టారు స్పీకరులో. "ఉండు, మాట్లాడించకు. నేనింకా పూర్తిగా రాయలేదు."

ఆయన మెల్లగా రాస్తున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నట్టుంది, ఫోన్‌లో ఆ చప్పుడు తెలుస్తోంది. మధ్యలో ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, తను రాసిందే దిద్దుకుని మళ్లీ ముందుకు సాగాడు. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు, ఆయన కోసం ఆగనూ లేదు. ఆయన చెయ్యి తీశాక పరీక్షమ్మ వాగుడుకాయను చదవమంది.

"ఈ పాఠాలు పన్నెండుమంది రాస్తారు. ఎవరి వాక్యాన్నయినా ఎవరైనా కొట్టేయవచ్చు. ఎందుకో చెప్పాలి."

ముప్పై ఏళ్లు ఇంకొకరికి చెప్పి రాయించుకున్న మనిషి, పరీక్షమ్మ వాక్యాన్ని చెరిపేసి తన చేత్తో పెట్టిన మూడు వాక్యాలు అవి. ఆమె వాటిని రెండుసార్లు వింది. మార్చడానికి ఎక్కడా కారణం దొరకలేదు.

"మాస్టారూ, ఉండనివ్వనా?" అంది.

"అడుగుతావేంటమ్మా? తప్పుంటే కొట్టెయ్, లేకపోతే నీ పని చూసుకో" అన్నాడాయన.

పరీక్షమ్మ మేనేజరుగారి చేతిలోంచి కాగితం అందుకుంది. సంతకం ఎక్కడ పెట్టాలో మౌనస్వామిని అడిగి, వేలు ఆనించి పట్టుకుని పెట్టింది. అప్పటికే పొత్తులో సగంలో ఆగిన ఆమె మూడో వాక్యం మీద ఎవరో చెయ్యి వేయబోతున్నారని వాగుడుకాయ చెబుతోంది. పరీక్షమ్మ ఇయర్‌ఫోన్ సర్దుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, వాదించడానికి సిద్ధపడింది.